ఖరీదైన కత్తిని అడవికి తీసుకెళ్లాలా, బీరువాలో దాచాలా? ఎలా తేల్చుకోవాలంటే...

"బావ అమెరికా నుంచి వస్తూ ఒక మడత కత్తి తెచ్చాడు. ముప్పై వేల పైనేనట. ట్రెక్కింగ్‌కి తీసుకెళ్తే గీతలు పడతాయని భయం, బీరువాలో పెడితే ఎందుకున్నట్టు అనిపిస్తోంది. ఏం చేయమంటారు?"

నెలకి ఇద్దరు ముగ్గురు ఇదే అడుగుతారు. కత్తి పేరు మారుతుంది, ధర మారుతుంది, ప్రశ్న మాత్రం మారదు. అందుకే ఒకసారి మొత్తం కూర్చుని రాసేస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ధర చూసి తేల్చుకోకండి. ఆ కత్తి రేపు పోతే అలాంటిదే మళ్ళీ కొనగలమా అని చూడండి. కొనగలిగేదైతే భయపడకుండా వాడండి. దొరకనిదైతే దాచండి, కానీ సరిగ్గా దాచండి, ఎందుకంటే నేను చూసినంతలో అడవిలో పాడైన కత్తులకన్నా బీరువాలో పాడైనవే ఎక్కువ.

"ఇది వాడేది కాదండీ, కలెక్షన్ పీసు" అని జనం పక్కన పెట్టే కత్తుల్లో క్రిస్ రీవ్ చేసిన సెబెంజా అనే మడత కత్తి ఒకటి. ధర 400 డాలర్లు దాటుతుంది. దక్షిణాఫ్రికాలో మొదలుపెట్టి 1989లో అమెరికాలోని ఐడహోకి వెళ్ళి స్థిరపడిన మనిషి ఆయన. జులూ భాషలో సెబెంజా అంటే పని. చేసినవాడు పని అని పేరు పెట్టి పంపిన కత్తిని మనం పట్టుగుడ్డలో చుట్టి పెడుతున్నాం.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- కత్తి, దాని డబ్బా, బిల్లు, లోపల వచ్చిన కార్డులు
- పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం (నగల షాపుల్లో వాడేది, ఆన్‌లైన్‌లో చవగ్గానే వస్తుంది)
- టార్చ్, ఫోన్
- పాత కాటన్ బనియన్ గుడ్డలు రెండు మూడు
- లిక్విడ్ పారాఫిన్. మందుల షాపులో దొరుకుతుంది. మిల్క్ ఆఫ్ మెగ్నీషియా కలిపిన తెల్లటి మందు కూడా ఉంటుంది, అది వద్దు. నీళ్లలా తేటగా ఉన్నదే అడగండి. తినే వస్తువు కోసే కత్తికి రాసినా ఇబ్బంది లేదు
- డైమండ్ ప్లేటు (వజ్రపు పొడి అంటించిన సాన పలక) గానీ మంచి సానరాయి గానీ
- దాచాలనుకుంటే సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటరు

కొబ్బరినూనె రాయొచ్చా అని తప్పకుండా అడుగుతారు. రేపు వాడబోయే కత్తికి ఈ రాత్రి రాస్తే పర్లేదు. నెలల తరబడి దాచే కత్తికి మాత్రం వద్దు. జిగటగా మారి వాసన వస్తుంది, మడత కత్తి అయితే కీలు దగ్గర మడ్డిలా పేరుకుంటుంది.

1. కత్తి జాతకం రాయండి

ఒక కాగితం తీసుకుని నాలుగు సంగతులు రాయండి. ఎవరు చేశారు? ఏ స్టీలు? ఇప్పటికీ తయారవుతోందా? ఈరోజు మళ్ళీ కొనాలంటే ఎంత, ఎక్కడ?

స్టీలు పేరు చాలాసార్లు బ్లేడు మీదే ఉంటుంది. 1095, ఓ1, 52100 అని ఉంటే కార్బన్ స్టీలు, తుప్పు పడుతుంది. 440సి, వీజీ-10, ఎస్30వీ, ఎస్35వీఎన్, మ్యాగ్నాకట్ అని ఉంటే స్టెయిన్‌లెస్ జాతి, తుప్పు భయం తక్కువ. డీ2 ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది, సముద్రం పక్కన దాన్ని కార్బన్ స్టీలు లాగే చూసుకోండి. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

2. మళ్ళీ దొరుకుతుందా? అసలు మెలిక ఇక్కడే

ఇక్కడ కాస్త ఓపిగ్గా కూర్చోండి. మీ కత్తి ఈ మూడింటిలో ఎక్కడో ఒకచోట ఉంటుంది.

*ఫ్యాక్టరీలో రోజూ తయారయ్యేది.* ఉదాహరణకి, స్వీడన్ కంపెనీ ఫాల్‌క్నివెన్ చేసే ఎఫ్1 కత్తి. స్వీడన్ వైమానిక దళం పైలట్ల సర్వైవల్ కత్తిగా 1995లో తీసుకున్నది. చేతికి ఖరీదుగానే తగులుతుంది, కానీ విమానం కూలిన చోట పనికి రావాలని చేసిన కత్తి అది. స్పైడర్‌కో, బెంచ్‌మేడ్‌ల మామూలు మోడళ్ళు, మామూలు సెబెంజా కూడా ఈ లెక్కలోకే వస్తాయి. వాడండి. పదేళ్ళు బీరువాలో ఉంచినా ఇలాంటి వాటి ధర పెద్దగా పెరగదు. పైగా ఈ పదేళ్ళలో ఇంకా మంచి స్టీలు వస్తుంది. 2001లో ఎస్30వీ గొప్ప, 2009లో ఎస్35వీఎన్, 2021లో మ్యాగ్నాకట్.

*కొద్ది సంఖ్యలో చేసి ఆపేసినది.* ప్రత్యేకమైన స్టీలుతోనో, పిడి రంగు మార్చో కంపెనీలు కొన్ని వందలో వేలో చేసి ఆపేస్తాయి. ఇక్కడ నిర్ణయం మీదే, కానీ ఒక చిట్కా ఉంది: అదే మోడల్ మామూలు రకం దొరుకుతుంటే దాన్ని కొని వాడుకోండి, దీన్ని ఉంచండి. చేతిలో అదే బరువు, అదే పట్టు. డబ్బులు లేకపోతే? మీకు కత్తి కావాలా, కాగితం మీద ధర కావాలా అని అడుక్కోండి. కత్తే కావాలంటే దీన్ని అమ్మేసి మామూలుది కొనండి, చేతిలో కొంత డబ్బు కూడా మిగులుతుంది.

*ఇంక ఎప్పటికీ రానిది.* అమెరికాలో చేత్తో కత్తులు చేసిన బాబ్ లవ్‌లెస్ 2010లో పోయాడు. ఇవాళ వేటకత్తుల్లో ఎక్కువగా కనబడే, మొన కాస్త కిందికి వాలిన ఆకారాన్ని అంత ప్రాచుర్యంలోకి తెచ్చింది ఆయనే. ఆయన చేత్తో చేసిన కత్తి మీ దగ్గర ఉంటే దాంతో కొబ్బరి తాడు కొయ్యకండి. మీ తాతగారి బాకు కూడా ఇందులోకే వస్తుంది, దానికి బజారులో విలువ ఏమీ లేకపోయినా సరే.

తాతగారి బాకు గురించి ఒక హెచ్చరిక. వందేళ్ళు దాటిన వస్తువు మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం కిందకి వచ్చే అవకాశం ఉంది, అలాంటిదాన్ని సొంతంగా దేశం దాటించడం నేరం. డాలస్‌లో ఉన్న అబ్బాయికి గుర్తుగా పంపుదామని సూట్‌కేసులో సర్దేముందు దాని వయసు కనుక్కోండి.

3. కొత్తదనం ఇంకా మిగిలి ఉందో లేదో చూడండి

టార్చ్ పక్కనుంచి వేసి భూతద్దంతో అంచు మొదలు నుంచి మొన దాకా చూడండి. ఫ్యాక్టరీ పెట్టిన పదునులో గీతలన్నీ ఒకే దిక్కుకి, ఒకే వాలులో ఉంటాయి. మధ్యలో వేరే వాలు కనిపిస్తే ఎవరో ఇప్పటికే సాన పట్టారు. బ్లేడు మీద సన్నగీతలు, పిడి మరల తలలు అరగడం, క్లిప్పు రంగు పోవడం కూడా చూడండి.

ఇవన్నీ ఉంటే కత్తులు సేకరించేవాళ్ళ లెక్కలో అది వాడిన కత్తే. పార్సిల్ విప్పడానికని నాలుగుసార్లు వాడి, చింతపండు ప్యాకెట్ ఒకటి కోసి, ఆ తర్వాత "ఇక దాచేద్దాం" అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. కొత్తదానికి వచ్చే ఆ డబ్బు ఎప్పుడో పోయింది, ఇక హాయిగా వాడుకోండి.

4. ఒళ్ళు గట్టిదేనా?

ఖరీదు ఉన్నంత మాత్రాన పనికొస్తుందని లేదు. బయటి పనికి పెట్టేముందు ఇవి చూడండి.

మడవని కత్తి అయితే లోపలి ఇనుము పిడి చివరి దాకా వెళ్ళిందా? పిడి అంచున రెండు చెక్కల మధ్య స్టీలు గీత కనిపిస్తే వెళ్ళినట్టే. కనిపించకపోతే చేసినవాణ్ణి అడగండి. గోడకి తగిలించడానికి చేసిన కత్తుల్లో సన్నటి మర ఒకటే లోపలికి ఉంటుంది, గట్టిగా ఒక వేటు వేస్తే బ్లేడు ఊడి ఎగురుతుంది. దెబ్బ తగిలేది పక్కన నిలబడ్డవాళ్ళకి.

మడత కత్తి అయితే పూర్తిగా తెరిచి, బ్లేడు వెన్ను పట్టుకుని పైకీ కిందికీ, పక్కలకీ నెమ్మదిగా కదపండి. పక్కకి కొంచెం ఆడితే కీలు మర బిగిస్తే సరిపోతుంది. పైకీ కిందికీ ఆడుతుంటే తాళం (తెరిచిన బ్లేడు మడుచుకోకుండా పట్టి ఉంచేది) సరిగ్గా పట్టడం లేదని అర్థం, అది బాగయ్యేదాకా ఏ పనికీ వాడకండి. వెన్నును బల్లకేసి కొట్టి తాళం పరీక్షించే వీడియోలు చూసి ఆ పని చేయకండి, బాగున్న తాళం కూడా దాంతోనే పాడవుతుంది.

ఇక డమాస్కస్. బ్లేడు మీద నీటి అలల్లాంటి గీతలు చూసి మనవాళ్ళు మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కాచిన ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా వెళ్ళింది, ఆ జాతి ఉక్కుతో చేసిన పాత కత్తుల మీద ఆ అలలు లోహం లోపలినుంచే పుట్టేవి. ఇప్పుడు డమాస్కస్ పేరుతో అమ్మేవి దాదాపు అన్నీ రెండు రకాల స్టీలును పొరలు పొరలుగా కొలిమిలో అతికించి చేసినవి. అదేమీ మోసం కాదు, బాగా చేస్తే చాలా మంచి కత్తి. మోసం ఎక్కడంటే మామూలు స్టీలు మీద పైపైన గీతలు ముద్రించి అమ్మడం. ఇరవై వేలు పెట్టి కొన్న అలాంటి కత్తి ఒకాయన నా దగ్గరికి తెచ్చారు. చూడాల్సింది బ్లేడు వెన్ను. పక్కన ఉన్న గీతలు వెన్ను మీదుగా అటువైపుకి సాగాలి. ఆయన కత్తికి వెన్ను అద్దంలా ఖాళీగా ఉంది. అలాంటిది వాడినా దాచినా ఒకటే, వీలుంటే అమ్మినవాడికి తిరిగి ఇచ్చేయండి.

5. అక్కడ నిజంగా ఏం కోస్తారో రాయండి

ఊహలు పక్కన పెట్టండి. పోయినసారి బయటికి వెళ్ళినప్పుడు ఏం కోశారు? ఎక్కువమంది జాబితా ఇంతే ఉంటుంది: తాడు, ఉల్లిపాయలు, నిమ్మకాయ, మాంసం, ప్యాకెట్లు, పొయ్యి రాజేయడానికి సన్నపుల్లలు. వీటన్నిటికీ మూడున్నర నాలుగు అంగుళాల బ్లేడు చాలు, ఏ ఖరీదైన కత్తికీ ఇందులో ప్రమాదం లేదు.

ప్రమాదం వెదురుతోనూ కొబ్బరికాయతోనూ వస్తుంది. వెదురులో ఇసుకలో ఉండే సిలికానే ఉంటుంది, కణుపు దగ్గర మరీ గట్టి. మారేడుమిల్లి దారిలో ఒకసారి బొంగులో చికెన్ ఉత్సాహంలో మా స్నేహితుడు ఎండిన బొంగు కణుపు మీద తన మడత కత్తి పెట్టి కర్రతో వెన్ను మీద కొట్టాడు. మూడో దెబ్బకి టిక్ అని చిన్న శబ్దం వచ్చింది, అంతే. తీసి చూస్తే అంచులో అర్ధచంద్రాకారంలో పెచ్చు ఎగిరింది, బియ్యపు గింజలో సగం ఉంటుందేమో. ఆ పక్కనే బొంగులు అమ్మే ఆయన కత్తి నల్లగా, పిడికి సైకిల్ ట్యూబు చుట్టి ఉంది. లారీ కమాను పట్టీతో ఊరి కమ్మరి చేసినదట. నాలుగు వేట్లలో బొంగు చీల్చి ఇచ్చాడు, అంచు చెక్కు చెదరలేదు.

కాబట్టి కొట్టే పని ఉంటే కొట్టే కత్తి వేరే పెట్టుకోండి. కమ్మరి దగ్గర చేయించుకోండి, లేదా స్వీడన్ మోరా కత్తి కొనండి, అమెరికాలో అయితే 20 డాలర్ల చుట్టూ ఉంటుంది. మోరా కూడా మొద్దులు చీల్చడానికి చేసింది కాదు, కానీ పోతే పోయేది ఆ కాస్త డబ్బే.

6. చట్టం. ఇది దాటవేయకండి

అడవికి తీసుకెళ్తానంటున్నారు కదా, ఏ అడవి? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో వెళ్ళకూడదు, ఆ చట్టం ఆయుధం అన్న మాటలోనే కత్తుల్ని కూడా పేరు పెట్టి చేర్చింది. నల్లమల పులుల అభయారణ్యం, పాపికొండల లాంటి రక్షిత అడవుల్లోకి వెళ్ళేటప్పుడు కత్తి ఇంట్లో వదిలేయండి. కూరగాయల కత్తే కదా అని వాదించి ఎవరూ గెలవలేదు. చెక్‌పోస్టు దగ్గర కత్తి లాగేసుకుంటే అది ముప్పై వేలదా మూడొందలదా అని ఎవరూ చూడరు.

రెండోది, 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడు ఉండి, ఇంటి పనికో వ్యవసాయానికో చేసినది కాని కత్తి ఆయుధ నిబంధనల జాబితాలోకి వస్తుంది. అంత పెద్దది కొనేముందు మీ ప్రాంతంలో లైసెన్సు కావాలేమో కనుక్కోండి.

విమానంలో చేతి సంచిలో వద్దు, చెకిన్ లగేజీలో ఒరతో సహా మందపాటి గుడ్డ చుట్టి పెట్టండి. అమెరికాలో ఉన్నవాళ్ళు మీ రాష్ట్రం నియమాలు చూసుకోండి, ఒక్కో రాష్ట్రానికి ఒక్కో తీరు.

7. ముందు ఇంట్లో వారం రోజులు వాడండి

వాడాలని తేలిందా? నేరుగా ట్రెక్‌కి పట్టుకెళ్ళకండి. వారం రోజులు వంటింట్లో వాడండి. ఉల్లిపాయ, టమాటా, మామిడికాయ. చేతికి అలవాటు అవుతుంది, పిడి ఎక్కడ నొక్కుకుంటుందో తెలుస్తుంది, మొదటి గీత ఇంట్లోనే పడుతుంది కాబట్టి అడవిలో దాని గురించి టెన్షన్ ఉండదు. చేతులకి నూనె రాసుకుని ఒకసారి పట్టుకోండి. జారితే వానలోనూ జారుతుంది.

కార్బన్ స్టీలు అయితే రెండో రోజుకే బ్లేడు నీలంగా, బూడిదరంగుగా మారుతుంది. కంగారుపడి తోమకండి. అది తుప్పు కాదు, పులుపు తగిలి వచ్చే పొర, అసలు తుప్పును కొంత ఆపుతుంది కూడా. మా అమ్మమ్మ కత్తిపీట నల్లగా ఉండేది, కోసే అంచు ఒక్కటే వెండిలా మెరిసేది. కూర తరగడం కాగానే కడిగి, కొంగుతో తుడిచి, గోడకి ఆనించి పెట్టేది. దానికి ఆవిడ ఇంకేమీ రాయలేదు. రోజూ వాడే కార్బన్ స్టీలుకి అంతే చాలు. నారింజ రంగు కనిపిస్తేనే తుప్పు.

8. బయట ఉన్నప్పుడు

చేయకూడనివి ముందు:

- డబ్బా మూతలు, మేకులు దీంతో పెకలించకండి. మొన విరిగేది ఇలాగే.
- బ్లేడు చెక్కలో ఇరుక్కుంటే మెలి తిప్పకండి. వచ్చిన దారిలోనే వెనక్కి లాగండి.
- మంటలో పెట్టి వేడి చేయకండి, నిప్పులు కెలకకండి. స్టీలు మెత్తబడిపోతుంది.
- నేలలో గుచ్చి నిలబెట్టకండి. ఇసుక రేణువు చాలు అంచు పోవడానికి.
- కోశాక నిమ్మకాయ పక్కన వదిలేసి కబుర్లలో పడకండి. తుడిచి ఒరలో పెట్టండి.

చేయాల్సింది ఒక్కటే, పిడికి ముదురు రంగు తాడు కట్టండి, నారింజో ఎరుపో. ఖరీదైన కత్తులు విరగడం కన్నా పోవడం ఎక్కువ, అదీ గడ్డిలో కూర్చున్నచోట.

ఫ్రాన్స్ ఒపినెల్ లాంటి చెక్కపిడి మడత కత్తి ఉన్నవాళ్ళకి వానాకాలంలో ఒక ఇబ్బంది వస్తుంది. చెక్క ఉబ్బి బ్లేడు బయటికి రాదు. గోళ్ళతో లాగకండి, వేళ్ళు తెగుతాయి. తాళం రింగు తీసి ఉందో లేదో చూసి, పిడి వెనక చివరను, అంటే కీలుకి దూరంగా ఉన్న కొసను, గట్టి చెక్క మీద టక్కున కొట్టండి. బ్లేడు కాస్త పైకి లేస్తుంది, అప్పుడు వెన్ను పట్టుకుని తెరవండి. ఇంటికొచ్చాక రెండు రోజులు గాలికి ఆరనిస్తే మామూలవుతుంది.

9. ఇంటికి రాగానే

అదే రాత్రి చేయండి, బ్యాగు సర్దేది రేపైనా పర్లేదు. గోరువెచ్చని నీళ్ళు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, పాత బ్రష్. మడత కత్తి లోపల కూడా. తుడిచి, ఫ్యాను కింద తెరిచి గంటసేపు ఉంచండి. కీలులో ఒక్క చుక్క నూనె, బ్లేడుకి పల్చగా పూత. నూనె కనపడకూడదు, వేలితో రాస్తే జారాలి, అంత చాలు. సముద్రం ఒడ్డుకి వెళ్ళొస్తే స్టెయిన్‌లెస్ అని చూడకుండా మంచినీళ్ళతో రెండుసార్లు కడగండి. స్టెయిన్‌లెస్ అంటే తుప్పు ఆలస్యంగా పడుతుందని, అసలు పడదని కాదు.

పదును ఉందో లేదో చూడటానికి: పండిన టమాటా మీద కత్తి పెట్టి, నొక్కకుండా లాగండి. తొక్క తెగితే ఉన్నట్టు. జారిపోతే పదును పెట్టాలి. ఇంకోటి, అంచును బల్బు వైపు పెట్టి చూడండి. పదునున్న అంచు వెలుగుని తిప్పి కొట్టదు. ఎక్కడైనా తెల్లటి చుక్క మెరిసిందంటే అక్కడ మొండిబారింది.

పదును పెట్టడంలో జనం చేసే తప్పులు మూడు. మొదటిది, సందులోకి సాన చక్రం వేసుకుని వచ్చే ఆయనకి ఇవ్వడం. కూరగాయల కత్తికి సరే, మంచి కత్తికి వద్దు. ఆయన తప్పేం లేదు, పొడి చక్రం వేగానికి పల్చటి అంచు క్షణాల్లో కాలిపోతుంది. కార్బన్ స్టీలు అంచు మీద నీలం రంగు కనిపించిందంటే దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలినట్టు, అలాంటి కత్తులకి పదును నిలవడానికి టెంపర్ చేసేది (గట్టిపరిచాక మళ్ళీ కాస్త వేడి చేసేది) ఎక్కువగా 200 డిగ్రీల దగ్గర. ఇంక ఆ అంచు ఎన్నిసార్లు సాన పట్టినా రెండు రోజులు నిలవదు.

రెండోది, అన్ని కత్తులకీ ఒకే తీరు. మోరా అంచు బల్లపరుపు వాలు, ఆ వాలును రాయి మీద పూర్తిగా ఆనించి తోయాలి. ఎఫ్1 అంచు కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది, చదును రాయి మీద రుద్దితే ఆ ఆకారం పోతుంది. మెత్తటి రబ్బరు మీద సన్న గరుకు కాగితం పరిచి, కత్తిని వెనక్కి లాగుతూ పెట్టాలి. మిగతావాటికి సుమారు 20 డిగ్రీల కోణం. కోణం తెలియకపోతే అంచు మీద స్కెచ్ పెన్ను నల్లగా రుద్ది, రాయి మీద ఒక్కసారి తోసి చూడండి. ఇంకు అంచు కొస దాకా పోతే కోణం సరిగ్గా ఉంది, పైభాగంలోనే పోతే వెన్ను ఇంకొంచెం ఎత్తాలి.

మూడోది, ఎస్30వీ లాంటి స్టీలును పాత సానరాయి మీద గంట రుద్ది, "ఇది పదును రాని కత్తి" అనేయడం. అందులో వనాడియం కార్బైడ్లు మీ రాయి కన్నా గట్టివి. డైమండ్ ప్లేటు మీద పది నిమిషాలు చాలు.

10. దాచాలని తేలితే

వాడే కత్తిని మీరు రోజూ చూస్తారు, మరక పడితే తెలుస్తుంది. దాచిన కత్తిని ఎవరూ చూడరు. నేను వైజాగ్‌లో ఉన్నప్పుడు చేత్తో చేసిన ఓ1 స్టీలు కత్తి ఒకదాన్ని దాని తోలు ఒరలోనే పెట్టి, మెత్తటి గుడ్డ చుట్టి, బీరువాలో పెట్టాను. జాగ్రత్తగానే పెట్టాననుకున్నాను. జూన్‌లో పెడితే సెప్టెంబరులో తీశాను. ఒర లోంచి లాగుతుంటే సన్నగా గరగరమంది. తోలు ఒరుసుకునే చోట మొన నుంచి పిడి వైపు ఒక వంపు గీతలాగా నారింజ చుక్కలు. తుడిస్తే చుక్కలు పోయాయి, వాటి కింద సూదితో పొడిచినట్టు గుంటలు మిగిలాయి. ఆ కత్తి ఒక్క మామిడికాయ కూడా కోసి ఎరగదు.

అందుకని ఇలా చేయండి:

- తోలు ఒరలో ఎప్పుడూ దాచకండి. తోలు తేమ పీలుస్తుంది, తోలు శుద్ధి చేసే మందుల్లో ఆమ్లం ఉంటుంది. ఇత్తడి తగిలిన చోట పచ్చగా చిలుం కూడా పడుతుంది. ఒరను పక్కన విడిగా పెట్టండి.
- బ్లేడుకి పల్చగా లిక్విడ్ పారాఫిన్ గానీ రినైసాన్స్ వ్యాక్స్ గానీ రాయండి. ఈ మైనం బ్రిటిష్ మ్యూజియం వాళ్ళ అవసరం కోసం పుట్టింది, జిడ్డు లేకుండా ఆరుతుంది. రాశాక బ్లేడును వేళ్ళతో ముట్టుకోకండి, వేలిముద్ర చెమటే తుప్పవుతుంది.
- ఫోమ్ పరిచిన పెట్టెల్లో మూసేయకండి. తేమ లోపలే ఉండిపోతుంది. పల్చటి కాటన్ గుడ్డ, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ మీటరు. 50 శాతం లోపు ఉండాలి. దాటితే జెల్ వేడి చేసి ఆరబెట్టండి లేదా మార్చండి.
- డబ్బా, బిల్లు, కార్డు విడి కవరులో. సెబెంజాతో పాటు, అది తయారైన తేదీ రాసిన కార్డు ఒకటి వస్తుంది, అది పోతే అమ్మేటప్పుడు బేరం దిగుతుంది.
- రెండు వైపులా, వెన్ను, అంచు ఫొటోలు తీసి పెట్టుకోండి. మళ్ళీ చూసినప్పుడు పోల్చడానికి.
- మామూలు రోజుల్లో రెండు నెలలకొకసారి, వానాకాలంలో నెలకొకసారి తీసి చూడండి. ఫోన్‌లో అలారం పెట్టండి, గుర్తుంటుందిలే అనుకోవద్దు. కాకినాడ, వైజాగ్, మచిలీపట్నం వైపు ఉన్నవాళ్ళు రెండు వారాలకే చూడండి.

ఒక ముఖ్యమైన హెచ్చరిక: దాచిన కత్తిని "కొంచెం మెరుగు పెడదాం" అని ఎప్పుడూ అనుకోకండి. బ్రాసో, గరుకు కాగితం, బఫ్ చక్రం ఏదీ వద్దు. సాన కూడా వద్దు, పదును లేకపోయినా సరే. చేసినవాడి చేతి గీతలు పోతే కొనేవాడు వెనక్కి తిప్పి ఇచ్చేస్తాడు.

నారింజ చుక్క కనబడితే మాత్రం ఆలస్యం చేయొద్దు. దాని మీద నూనె చుక్క వేసి ఒక రోజు వదిలేయండి. మర్నాడు రాగి ముక్క ఒకటి తీసుకోండి, పాత కరెంటు తీగ కొసను బల్లపరుపుగా కొట్టినా పర్లేదు, నూనె ఉండగానే చుక్క మీద మెల్లగా గీకండి. రాగి స్టీలు కన్నా మెత్తన, తుప్పును లేపుతుంది గానీ స్టీలును గీయదు. గోధుమరంగు మడ్డి వస్తుంది, గుడ్డతో తుడిచి మళ్ళీ నూనె, మళ్ళీ రాగి. గుడ్డకి రంగు అంటడం ఆగిపోయాక ఆపేయండి. కింద బూడిదరంగు మచ్చ ఒకటి మిగులుతుంది. దాన్ని కూడా పోగొట్టాలని చూడకండి, అలాగే వదిలేసి, ఫొటో తీసి, పైన తేదీ రాసుకోండి. వచ్చే నెల తీసినప్పుడు ఆ మచ్చ అంతే ఉంటే తుప్పు ఆగినట్టు, పెరిగితే మీ డబ్బాలో తేమ ఇంకా ఉన్నట్టు.